టర్బో ఇంజిన్‌లో బూస్ట్ కొరత: కారణ నిర్ధారణ

కారు చడావు ఎక్కలేకపోయినా, నల్లపొగ వదిలినా నింద ముందుగా టర్బోచార్జర్ మీదనే పడుతుంది. ఖరీదైన ఆ భాగాన్ని మార్చిన తరువాత కూడా లోపం మిగిలిపోవడం అరుదు కాదు.

పరిశీలన కొలతతోనే మొదలుకావాలి. ఇంజిన్ నడపకుండా ఇగ్నిషన్ మాత్రమే వేసినప్పుడు మ్యానిఫోల్డ్ పీడన సెన్సర్ స్థానిక వాతావరణ పీడనాన్ని చూపాలి: విశాఖపట్నం తీరాన సుమారు 101 కిలోపాస్కల్‌లు, హైదరాబాదులో 95. ఈ తేడా దోషం కాదు, ఎత్తు ప్రభావం. పఠనం దీనికి దూరంగా ఉంటే అనుమానించవలసింది సెన్సర్‌ను, దాని వైరింగును.

ఆపై బండిని లోడ్ మీద నడుపుతూ కంట్రోల్ యూనిట్ కోరిన పీడనాన్ని వాస్తవ పీడనంతో పోల్చాలి. వాస్తవ పీడనం నిలకడగా తక్కువగా ఉంటే, కంప్రెసర్ నుంచి ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌కు చేరే గొట్టాలను ముందు చూడాలి. రబ్బరు గొట్టంలోని సన్నని చీలిక పీడనం పెరిగాకే విచ్చుకుంటుంది. ఆగి ఉన్న బండిలో అది కంటికి ఆనదు. కనుక పీడన పరీక్ష అవసరం. కీళ్ల వద్ద నూనె మరక కూడా మంచి ఆనవాలే.

వేరియబుల్ జ్యామితి టర్బో గల అనేక డీజిల్ కార్లలో వేన్లను వ్యాక్యూమ్ యాక్చువేటర్ కదుపుతుంది. దాని సన్నని గొట్టం చిట్లితే వేన్లు తెరుచుకునే ఉండి, తక్కువ వేగాల వద్ద బూస్ట్ లేవదు. పెట్రోల్ ఇంజిన్లలో వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకోకపోవడం దీనికి సాటి దోషం.

ఇవన్నీ సరిగా ఉన్నాకే షాఫ్ట్ ప్లేను, కంప్రెసర్ రెక్కలను పరీక్షించాలి. బేరింగు అరుగుదలకు ఆయిల్ సరఫరా లోపమే కారణమైతే, దానిని సవరించకుండా బిగించిన కొత్త టర్బో కూడా అలాగే పాడవుతుంది.