తోకచుక్క ధూళిని తూచేదెలా?



"ద్రవ్యవేగం చదివితే ఏం లాభం?" అని మీ తొమ్మిదో తరగతి పిల్లలు అడిగితే ఈ సంగతి చెప్పండి.

ఐరోపా అంతరిక్ష సంస్థ 2004లో పంపిన రోసెట్టా నౌక 2014 ఆగస్టులో 67పి అనే తోకచుక్కను చేరింది. దాని చుట్టూ ఎగిరే ధూళి రేణువుల ద్రవ్యరాశి తెలుసుకోవాలి. అక్కడ త్రాసు పనిచేయదు కదా! అందుకే నౌకలో 'గియాడా' అనే పరికరం పెట్టారు. అందులో ముందు లేజర్ కాంతి తెర, దాని వెనుక పలుచని అల్యూమినియం పలక ఉంటాయి. రేణువు తెర దాటగానే మెరుస్తుంది. తర్వాత పలకను తాకితే కంపనం పుడుతుంది. తెర నుంచి పలకకు పట్టిన సమయాన్ని బట్టి వేగం, కంపనాన్ని బట్టి ద్రవ్యవేగం తెలుస్తాయి. ద్రవ్యవేగాన్ని వేగంతో భాగిస్తే ద్రవ్యరాశి వచ్చేస్తుంది.

ధూళి తీరు తెలియడం నౌక భద్రతకూ ముఖ్యమే. 2015 మార్చిలో రోసెట్టా తోకచుక్కకు బాగా దగ్గరగా వెళ్లినప్పుడు, నక్షత్రాలను చూసి దిశ గుర్తించే కెమెరాలు ధూళి రేణువులనే నక్షత్రాలనుకున్నాయి. దాంతో నౌకను దూరంగా జరపాల్సి వచ్చింది.

ఈ ఆదివారం ఇంట్లో ఓ చిన్న ప్రయోగం చేయించండి. పిల్లలను కళ్లు మూసుకోమని, ఒకే ఎత్తు నుంచి స్టీలు పళ్లెంలోకి ఒక శనగగింజ, ఒక రూపాయి బిళ్ల వేయండి. ఏది బరువైనదో చప్పుడును బట్టే చెప్పేస్తారు. వేగం దాదాపు ఒకటే, దెబ్బలోనే తేడా. ఎందుకో వాళ్లనే అడగండి. గియాడా సూత్రం వాళ్ల నోటనే వస్తుంది.