రైఫిల్‌కు కుదురుంటేనే గురి

రైఫిల్‌ను కదలకుండా బల్ల మీద ఆనించి, ఒకే రకం తూటాలతో ఐదుసార్లు పేల్చినా ఐదు రంధ్రాలు ఒకేచోట పడవు. అవి ఎంత దగ్గరగా పడితే ఆ రైఫిల్ గురి అంత మంచిదని లెక్క. రంధ్రాలు చెదిరితే చాలామంది ముందు బ్యారెల్‌ను (తుపాకీ గొట్టం) అనుమానిస్తారు, తర్వాత టెలిస్కోప్‌ను. కానీ చాలాసార్లు లోపం వాటి కింద ఉండే స్టాక్‌లో దొరుకుతుంది. స్టాక్ అంటే భుజానికి ఆనించి చేత్తో పట్టుకునే భాగం. దాన్ని కర్రతోనో, ప్లాస్టిక్‌తోనో, ఫైబర్‌గ్లాస్‌తోనో చేస్తారు.

వేటగాళ్లు ఎక్కువగా వాడేది బోల్ట్ రైఫిల్ (చేత్తో పిడి లాగి ప్రతిసారీ తూటా ఎక్కించే రకం). ఇందులో బ్యారెల్ వెనక యాక్షన్ (తూటాను లోపలికి నెట్టి, పేల్చి, ఖాళీ తొడుగును బయటికి తీసే యంత్రభాగం) ఉంటుంది. దాన్ని సాధారణంగా రెండు మూడు మరలతో స్టాక్‌కు బిగిస్తారు. యాక్షన్ కింద ముందువైపు రీకాయిల్ లగ్ అనే ఉక్కు దిమ్మె ఉంటుంది. తుపాకీ వెనక్కి తన్నే బలం ప్రధానంగా ఈ దిమ్మె ద్వారానే స్టాక్‌కు చేరుతుంది.

స్టాక్ వల్ల గురి చెడేది రెండు చోట్ల. మొదటిది యాక్షన్ కూర్చునే గుంట. గుంట ఎగుడుదిగుడుగా ఉంటే మరలు బిగించినప్పుడు ఉక్కు యాక్షన్ కూడా కొద్దిగా వంగుతుంది. ఒక్కో పేలుడుకు అది రవ్వంత జరిగి మరో చోట కూర్చుంటుంది.

రెండోది బ్యారెల్. పేల్చాక తూటా గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు, అటూ ఇటూగా. ఆ కాస్తలోనే గొట్టం కంపిస్తుంది. కంపించడం తప్పు కాదు. ప్రతిసారీ ఒకేలా కంపిస్తే తూటాలూ ఒకేచోటికి పోతాయి. స్టాక్ ముందుభాగం గొట్టాన్ని ఒక పక్క తాకుతుంటే ఆ ఒత్తిడి నిలకడగా ఉండదు. గొట్టం వేడెక్కినా, తుపాకీని ఆనించిన తీరు మారినా ఒత్తిడి మారుతుంది. దాంతో కంపనమూ మారుతుంది.

కర్ర స్టాక్‌కు మరో చిక్కు ఉంది. వానాకాలంలో తలుపు ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుపోయినట్లే, స్టాక్ కూడా తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. అమెరికా మెరైన్ దళానికి ఇది వియత్నాంలో అనుభవమైంది. వేటగాళ్లకు అమ్ముడయ్యే రెమింగ్టన్ 700 రైఫిల్ ఆధారంగా తయారైన ఎం40ని ఆ దళం 1966లో తీసుకుంది. అక్కడి వేడికీ తేమకూ దాని కర్ర స్టాక్ వంకరపోయేది. 1970లలో వచ్చిన ఎం40ఏ1కి మెక్‌మిలన్ ఫైబర్‌గ్లాస్ స్టాక్ అమర్చారు. 1988లో అమెరికా సైన్యం తీసుకున్న ఎం24లో స్టాక్ లోపలే యాక్షన్ కూర్చునే అల్యూమినియం దిమ్మె ఉంది.

సరిచేసే పని చవకైన మెట్టు నుంచి మొదలవుతుంది. ముందు మరలు తయారీదారు చెప్పిన బిగువులో ఉన్నాయో లేదో టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానా) చూస్తారు. తర్వాత బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య కాగితం ముక్క పెట్టి వెనక్కి లాగుతారు. అది ఎక్కడ ఆగితే అక్కడ రాపిడి ఉన్నట్టు. అక్కడ స్టాక్‌ను గీకి గొట్టం చుట్టూ ఖాళీ వదిలితే ఫ్రీ ఫ్లోటింగ్ (గొట్టం దేన్నీ తాకకుండా ఉండటం) అవుతుంది. అయితే కొన్ని రైఫిళ్లలో స్టాక్ కొస దగ్గర కావాలనే గొట్టానికి కాస్త ఒత్తిడి పెడతారు. దాన్ని తీసేస్తే గురి మెరుగుపడవచ్చు, చెడనూ వచ్చు.

తర్వాతి మెట్టు బెడ్డింగ్ (యాక్షన్ అడుగుకు సరిగ్గా అతికే కుదురును స్టాక్‌లో పోతపోయడం). స్టాక్ గుంటలో కొంత తొలిచి, ఉక్కు లేదా అల్యూమినియం పొడి కలిపిన ఎపాక్సీ జిగురు నింపుతారు. యాక్షన్‌కు మైనం లాంటి అంటుకోని పూత పూసి అందులో కూర్చోబెడతారు. జిగురు గట్టిపడ్డాక యాక్షన్ అచ్చు దిగుతుంది. రీకాయిల్ లగ్ వెనక ముఖం ఆ అచ్చుకు పూర్తిగా ఆనాలి. కర్ర నలిగి మరలు వదులు కాకుండా వాటి చుట్టూ అల్యూమినియం గొట్టాలు కూడా దించుతారు. దీన్ని పిల్లర్ బెడ్డింగ్ అంటారు.

స్టాక్ పగిలినా, వంకరపోయినా, చేత్తో నొక్కితే వంగేంత పలచటి ప్లాస్టిక్ అయినా మార్చడమే మేలు. ఫైబర్‌గ్లాస్‌కు తేమ భయం లేదు. అల్యూమినియం దిమ్మె ఉన్నది ఇంకా దృఢం, కాకపోతే బరువు పెరుగుతుంది. కొత్త స్టాక్‌కూ ఒక్కోసారి పలచని బెడ్డింగ్ పొర అవసరమవుతుంది.

ఇంత శ్రమ ఎవరికి అవసరం? గురిని మినిట్ ఆఫ్ యాంగిల్‌లో (డిగ్రీలో 60వ వంతు కోణం) కొలుస్తారు. 100 మీటర్ల దూరంలో అది సుమారు 2.9 సెంటీమీటర్లు. నాలుగు మినిట్ల మేర చెదిరే రైఫిల్ రంధ్రాలు 100 మీటర్ల దగ్గర 12 సెంటీమీటర్లలోపు ఉంటాయి. 300 మీటర్లకు అవే దాదాపు 35 సెంటీమీటర్ల మేర పరుచుకుంటాయి. జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 20 సెంటీమీటర్లు. అంటే దగ్గరి వేటకు చాలిన రైఫిల్, దూరపు వేటలో జంతువును చంపకుండా గాయపరిచి వదిలే ప్రమాదం ఉంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నిషేధం. కొన్ని ప్రత్యేక సందర్భాలకే మినహాయింపు ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. వేటకు అనుమతి ఉన్న దేశాల్లో స్థిరపడి రైఫిల్ కొనే తెలుగువారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అరిగిన గొట్టాన్నీ, వదులైన టెలిస్కోప్ బిగింపునూ, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఉలిక్కిపడే చేతినీ బెడ్డింగ్ బాగుచేయదు. ముందు వాటిని సరిచూసుకుని, ఆ తర్వాతే స్టాక్ మీద డబ్బు పెట్టండి.