మాయలో మగని వాటా

తొలి కాన్పు తల్లిగారింట్లో. తరాలుగా తెలుగిళ్లలో ఇదే పద్ధతి. నెలలు నిండుతుండగా పుట్టింటివాళ్లు వచ్చి బిడ్డను తోలుకుపోతారు. దవాఖానలో డాక్టరమ్మ అడుగుతుంది: "మీ ఇంట్ల ఎవరికన్నా కాన్పప్పుడు బీపీ వచ్చిందా? ఫిట్స్ వచ్చినయా?" పక్కన నిలబడ్డ తల్లి జవాబు చెబుతుంది: "నాకు రాలే, మా చెల్లెకు రాలే." అంతే, ఆ ప్రశ్న ముగిసింది. అత్తమ్మ వేరే ఊళ్లో ఉంది. ఆమెకు తొలిచూలులో కాళ్లు వాచి, కళ్లు బైర్లు కమ్మి, కొడుకు నెలలు నిండకముందే పుట్టి ఉండొచ్చు. ఆ కొడుకే ఈ గర్భిణి మొగుడు. ఆ ముచ్చట మాత్రం ఏ కార్డు మీదికీ ఎక్కదు.

ఎక్కాలని జన్యుశాస్త్రం చెబుతోంది.

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్‌కు దగ్గర్లో, కర్ణాటక సరిహద్దు వైపున్న మండలం మొగుడంపల్లి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు జహీరాబాద్ మండలం నుంచి విడిపోయింది. తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ మాటలు కలగలిసి వినిపించే నేల ఇది. పెళ్లి సంబంధాలు ఇటు జహీరాబాద్ వైపూ కలుస్తాయి, అటు బీదర్ వైపూ కలుస్తాయి. అమ్మగారిది ఒక రాష్ట్రం, అత్తగారిది మరో రాష్ట్రం కావడం ఇక్కడ వింతేమీ కాదు. పరీక్షలు ఓచోట, కాన్పు ఓచోట. ఊరి పేరులోనే మొగుడున్న ఈ మండలంలో కూడా, గర్భిణి బీపీ దగ్గరికొచ్చేసరికి మొగుడి వైపు చరిత్ర ఎవరికీ గుర్తుకు రాదు.

గుర్రపువాతం అన్నది దీన్నే

గర్భం 20 వారాలు దాటాక, అంతకుముందు మామూలుగా ఉన్న బీపీ 140/90 లేదా అంతకు మించితే అది గర్భధారణ రక్తపోటు. దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, కాలేయం, మూత్రపిండాలు, మెదడు వంటి అవయవాలు దెబ్బతింటున్న గుర్తులు కనిపించినా ప్రీఎక్లాంప్సియా అంటారు. బీపీ 160/110కి చేరితే ప్రమాద ఘంటికే. ఆ పైమెట్టు ఫిట్స్, అంటే ఎక్లాంప్సియా. పాతకాలం మంత్రసానులు గుర్రపువాతం అన్నది ఈ ఫిట్స్‌నే.

ప్రపంచ వ్యాప్తంగా నూటికి రెండు నుంచి ఎనిమిది గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా కనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 46 వేల మంది తల్లులు, దాదాపు 5 లక్షల మంది శిశువులు దీనివల్ల ప్రాణాలు కోల్పోతున్నారు.

ఒళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు రాదన్న నమ్మకం ఒకటుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో మహిళల 4×100 మీటర్ల రిలే స్వర్ణం గెలిచిన అమెరికా జట్టు కథ వింటే ఆ నమ్మకం నిలవదు. ఆ జట్టులోని ఆలిసన్ ఫీలిక్స్‌కు 2018లో తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా వచ్చి, 32వ వారంలోనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాల్సి వచ్చింది. చివరి అంచె పరుగెత్తిన టోరీ బోవీ 2023లో ఎనిమిది నెలల గర్భంతో ఇంట్లోనే చనిపోయింది. ఎక్లాంప్సియా ఒక కారణమై ఉండొచ్చని శవపరీక్ష నివేదిక పేర్కొంది.

బోదె వెడల్పు కాకపోతే

ఈ జబ్బు పుట్టేది తల్లి గుండెలోనో మూత్రపిండంలోనో కాదు, మాయలో. గర్భం తొలి నెలల్లో మాయ కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లి అక్కడి సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. చెరకు మడికి నీళ్లు మళ్లించే రైతు సన్నటి బోదెను పారతో వెడల్పు చేసినట్టు. ఆ పని సగంలో ఆగితే మాయకు రక్తం చాలదు. నెత్తురు అందక సతమతమయ్యే మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి ఒళ్లంతా రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. బీపీ పెరగడం, ఒళ్లు వాయడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం అన్నీ ఆ తర్వాతి సంగతులు. అందుకే ఈ జబ్బుకు అసలు మందు కాన్పే. మాయ బయటపడ్డాకే తల్లి తేరుకోవడం మొదలవుతుంది.

ఆ పదార్థాల్లో ముఖ్యమైనదాన్ని 2003లో బోస్టన్‌లో పట్టుకున్నారు. భారత సంతతి మూత్రపిండ వైద్యుడు ఎస్. అనంత్ కరుమంచి బృందం ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రొటీన్ ఈ తల్లుల రక్తంలో ఎక్కువగా ఉందని గమనించింది. దాన్ని చూలు ఎలుకల్లోకి పంపితే వాటికీ బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ కనిపించింది.

ఇక మగని వాటా ఎక్కడుంది? మాయ తల్లి అవయవం కాదు. బిడ్డ ఏ పిండం నుంచి తయారవుతుందో, మాయ కూడా ఆ పిండం నుంచే తయారవుతుంది. అంటే మాయలోని జన్యువుల్లో సగం తండ్రివి. ముత్యాల గర్భం ఇందుకు వింతైన సాక్ష్యం. పూర్తి ముత్యాల గర్భంలో బిడ్డ ఉండదు, ద్రాక్షగుత్తిలా పెరిగిన మాయ మాత్రమే ఉంటుంది. దాని కేంద్రకంలోని జన్యువులన్నీ తండ్రి నుంచి వచ్చినవే. ప్రీఎక్లాంప్సియా మామూలుగా 20 వారాల తర్వాత కదా వచ్చేది. ముత్యాల గర్భంలో మాత్రం అంతకన్నా ముందే రావచ్చు.

నార్వే పురుళ్ల పుస్తకం

నార్వేలో 1967 నుంచి ప్రతి కాన్పునూ నమోదు చేస్తున్నారు. అప్పుడు పుట్టిన పిల్లలు పెద్దవాళ్లై తల్లిదండ్రులయ్యారు కాబట్టి రెండు తరాలను పక్కపక్కన పెట్టి చూసే వీలు పరిశోధకులకు దొరికింది. 1998లో వాళ్లు మొదటి సంగతి బయటపెట్టారు. ఒక స్త్రీకి ప్రీఎక్లాంప్సియా వచ్చిన గర్భానికి తండ్రైన పురుషుడు, మరో స్త్రీతో బిడ్డను కన్నప్పుడు ఆమెకూ ఆ ముప్పు దాదాపు రెండింతలుంది. రెండోది 2005లో. తల్లికి ప్రీఎక్లాంప్సియా వచ్చిన కాన్పులో పుట్టిన ఆడపిల్లలకు తమ గర్భంలో ముప్పు రెండింతలు దాటింది. అలాగే పుట్టిన మగపిల్లల భార్యలకు ఒకటిన్నర రెట్లు ఉంది.

అంటే అత్తమ్మ జబ్బు కోడలికి రావచ్చు. ఇద్దరికీ రక్తసంబంధం అక్కర్లేదు. దారి మనవడు, మనవరాలి మాయ గుండా ఉంది.

స్వీడన్‌లో 2004లో ఈ వాటాలను లెక్కకట్టారు. ప్రీఎక్లాంప్సియా ముప్పులో సుమారు 35 శాతం తల్లి జన్యువులది, 20 శాతం బిడ్డ జన్యువులది, 13 శాతం ఆ జంట కలయికది. మిగిలినది ఇతర కారణాలది.

ఇప్పుడు జన్యువుల పేర్లు కూడా దొరుకుతున్నాయి. ఐస్‌లాండ్, బ్రిటన్ సహా పలు ఐరోపా దేశాల శాస్త్రవేత్తలు కలిసి, ప్రీఎక్లాంప్సియా గర్భాల్లో పుట్టిన 4,380 మంది జన్యుపటాలను చూశారు. 2017లో తేలిందేమంటే, బిడ్డ జన్యుపటంలో ఎఫ్‌ఎల్‌టీ1 జన్యువు పక్కనున్న తేడాలు ముప్పును పెంచుతున్నాయి. కరుమంచి బృందం పట్టుకున్న ప్రొటీన్‌ను తయారుచేసేది ఈ జన్యువే. అది 13వ క్రోమోజోమ్ మీద ఉంది. బిడ్డకు 13వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడున్న గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా ఎక్కువన్నది వైద్యులకు అంతకుముందే తెలుసు. రెండు దారులూ ఒకచోటికే వచ్చాయి.

తల్లి వైపు కథ వేరు. 2023లో అమెరికా, ఫిన్లాండ్ బృందాలు నడిపిన రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. ఒకదానిలో 20 వేలకు పైగా, మరోదానిలో 16 వేలకు పైగా ప్రీఎక్లాంప్సియా వచ్చిన తల్లుల జన్యుపటాలున్నాయి. ముప్పుతో ముడిపడ్డ చోట్లు మొదటిదానిలో 18, రెండోదానిలో 19 తేలాయి. వాటిలో చాలావరకు మామూలు బీపీకి కూడా కారణమయ్యేవే. ఒక్కో తేడా పెంచే ముప్పు చాలా చిన్నది, అన్నీ పోగైతేనే బరువు. మామూలు బీపీతో మూలాలు కలుస్తున్నాయి కాబట్టి, గర్భంలో వచ్చిన బీపీ తర్వాత రాబోయే బీపీకి ముందస్తు కబురు కూడా. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఇంచుమించు రెండింతలని పాత అధ్యయనాలు ఎప్పుడో చెప్పాయి. కాన్పయ్యాక "బీపీ తగ్గింది, ఇక పర్వాలేదు" అని మర్చిపోవడం అందుకే తప్పు.

మేనరికం ముచ్చట

మేనమామను, మేనబావను చేసుకునే ఇళ్లు మనకు తక్కువేమీ కావు. దానివల్లే గర్భంలో బీపీ వస్తుందా? దీనిపై జరిగిన అధ్యయనాలు ఒక మాట మీద నిలవలేదు. మేనరికంలో కొన్ని అరుదైన వంశపారంపర్య జబ్బుల ముప్పు పెరగడం నిజమే. బీపీ సంగతి అలా ఒక్క జన్యువుతో తేలేది కాదు. అయితే మేనత్త కొడుకును చేసుకుంటే అత్తమ్మ మేనత్తే కాబట్టి, ఆమె పురిటి చరిత్ర రెండు వైపులా లెక్కకొస్తుంది.

పెద్ద జన్యు అధ్యయనాలన్నీ ఎక్కువగా ఐరోపా మూలాలున్నవారి మీద జరిగినవే. మన సముదాయాల జన్యుచరిత్ర వేరు. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు తమ సముదాయంలోనే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన దక్షిణాసియా సమూహాలను పరిశీలించారు. ఇలాంటి సమూహాల్లో కొన్ని వంశపారంపర్య లోపాలు ఎక్కువగా ఉండడానికి, తెలుగు వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ థియేటర్‌లో ఇచ్చే, కండరాలను సడలించే ఒక మందు పడకపోవడాన్ని ఉదాహరణగా చూపారు. ఆ లోపం వాళ్లలో మిగతావారికన్నా చాలా ఎక్కువ. పదివేల మంది జన్యుపటాలు చదివిన జీనోమ్ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. మన గర్భిణుల బీపీ జన్యువులను మన నేలలోనే వెతకడానికి ఇది పునాది.

ల్యాబ్ అక్కర్లేని పరీక్ష

జన్యు పరీక్ష చేసి ప్రీఎక్లాంప్సియా ఎవరికొస్తుందో చెప్పే పద్ధతి ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు. రావాల్సిన అవసరమూ ఇప్పటికిప్పుడు లేదు. కుటుంబ చరిత్ర అడగడమే చౌకైన జన్యు పరీక్ష. వెనకటి కాన్పులో వచ్చినవారికి ముప్పు ఏడు రెట్లు, కుటుంబంలో ఉన్నవారికి దాదాపు మూడు రెట్లు అని 2005లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ తేల్చింది. రెట్లు అనగానే భయపడక్కర్లేదు. నూటికి నలుగురికి వచ్చే జబ్బు మూడు రెట్లైతే నూటికి పన్నెండు. మిగతా 88 మందికి రాదు.

ముప్పు ముందే తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. ముప్పు ఎక్కువున్న తల్లులకు 11-14 వారాల మధ్య మొదలుపెట్టి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, నెలలు నిండకముందు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిందని 2017లో ఐరోపా ప్రయోగం చూపింది. ఇది డాక్టరు చూసి రాయాల్సిన మందు, సొంతంగా కొనుక్కునేది కాదు. ప్రభుత్వం మూడో నెల దాటాక రోజుకు రెండు చొప్పున ఇచ్చే కాల్షియం గోళీలు మరో కవచం. బెంగళూరులో 11 వేల మంది తొలిచూలు గర్భిణులతో జరిగి 2024లో వెలువడిన ప్రయోగంలో రోజుకు 500 మిల్లీగ్రాములు కూడా 1,500 మిల్లీగ్రాములకు తీసిపోలేదు. ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ సగానికి తగ్గిస్తుందని 33 దేశాల్లో పదివేల మందితో జరిగిన ప్రయోగం 2002లోనే నిరూపించింది.

2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు చనిపోయారు. దేశ సగటు 97. ఆ 43 ఇంకా తగ్గాలంటే ముందే పసిగట్టాలి. ఆగని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఈ జాగ్రత్త తప్పదు.

ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు చేస్తారు. మొగుడంపల్లిలోనైనా మరెక్కడైనా, ఈసారి ఆ వరుసలో నిలబడే ముందు అమ్మను అడిగినట్టే అత్తమ్మకూ ఒక ఫోన్ చేయండి. "అత్తమ్మా, మీ కాన్పుల్లో బీపీ వచ్చిందా? ఆయన ఎన్నో నెలలో పుట్టిండు?" ఆమె చెప్పిన జవాబు నర్సమ్మతో కార్డు మీద రాయించండి.