బయానా ఇచ్చే ముందు బీటలు చూడండి

ఘట్‌కేసర్: ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొని చూడటం కూడా అంత తేలిక కాదు. 2017 నవంబరులో మెట్రో రైలు నాగోలు దాకా వచ్చాక ఉప్పల్, నాచారం మొదలు ఘట్‌కేసర్ వరకు ఇళ్ళ బేరాలు జోరందుకున్నాయి. పదవీ విరమణ సొమ్ము, ఊళ్ళో పొలం అమ్మిన డబ్బు, బ్యాంకు అప్పు అన్నీ ఒకచోట చేర్చి కొనేవారున్నారు. అంత సొమ్మూ పోసేది నాలుగు గోడల మీద. తీరా ఆ గోడ మీద బీట కనిపిస్తే, "పైపూత పగిలిందండీ, ఏం కాదు" అన్న ఒక్క మాటతో బేరం ముందుకు సాగిపోతుంది.

ఆ మాట చాలాసార్లు నిజమే. కొన్నిసార్లు కాదు. పగిలింది పూతా, గోడా? పగిలి ఊరుకున్నదా, ఇంకా కదులుతున్నదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే బయానా ఇవ్వడం క్షేమం.

నేల గుణం

ఈ ప్రాంతంలో చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వితే మొరం, దాని కింద గ్రానైటు బండ తగులుతుంది. పునాదికి ఇంతకంటే గట్టి నేల అక్కరలేదు. చిక్కు వచ్చే చోట్లు వేరే ఉన్నాయి. పాత క్వారీ గుంటనో, బావినో పూడ్చి చేసిన ప్లాటు ఒకటి. చెరువు అంచున నల్లమట్టి ఉన్న పల్లం రెండోది. సగం బండ మీద, సగం పోసిన మట్టి మీద నిలిచిన ఇల్లు మూడోది.

సరిగా దిమ్మిస చేయకుండా పోసిన మట్టి ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది. బండ దిగదు. ఇంటి ఒక మూల కిందికి పోతూ, రెండో మూల కదలకుండా ఉంటే మధ్యలో గోడ చీలక తప్పదు. నల్లరేగడి సంగతి మరోలా ఉంటుంది. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీది గోడలో బీట ఏటా తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటుంది. ఇలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులను రూపొందించింది. అందుచేత పునాది ఏ రకమో, ఎంత లోతో అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి. ఇరుగుపొరుగు ఇళ్ళ గోడలు కూడా చూడాలి. వరుసగా నాలుగిళ్ళకు ఒకే తీరు బీటలుంటే తప్పు నేలదే కావచ్చు.

పల్లపు ప్లాటైతే మరో జాగ్రత్త అవసరం. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా చెరువుల పరిధిలోని కట్టడాలను కూల్చివేసిన సంగతి తెలిసిందే. హెచ్‌ఎండీఏ చెరువుల పటాలలో ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

పూతా? గోడా?

సాలెగూడులా నలువైపులా అల్లుకున్న సన్నని గీతలు సాధారణంగా పూతవే. మాలులో సిమెంటు ఎక్కువైనా, ఇసుకలో దుమ్ము ఉన్నా, సరిగా నీళ్ళు పట్టకపోయినా ఇవి వస్తాయి. వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే పూత గోడను వదిలేసింది. అంతమేర చెక్కి మళ్ళీ పూయిస్తే సరిపోతుంది.

పిల్లర్ పక్కన నిలువుగా, బీము కింద అడ్డంగా తిన్నగా సాగే గీత కాంక్రీటు, ఇటుక కలిసే చోటిది. ఎండకు, చలికి ఆ రెండూ ఒకే తీరున సాగవు. పూతకు ముందు ఆ అతుకు మీద జాలీ కొట్టకపోతే గీత బయటపడుతుంది. పై అంతస్తులో స్లాబు కిందనే గోడ పొడవునా వచ్చే బీట ఎండకు స్లాబు సాగడం వల్ల వచ్చేదే. దీనివల్ల ఇల్లు కూలదు గాని, వాన నీరు లోపలికి దిగుతుంది.

భయపడవలసింది ఏటవాలు బీటకు. కిటికీ మూల నుంచో, తలుపు మూల నుంచో ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగి, ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉంటే పునాది దిగుతున్నదని అనుమానించాలి. అదే బీట గోడకు బయటివైపు కూడా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. తలుపులు బిగుసుకుపోవడం, నేల మీద ఉంచిన గోలీ ఒక మూలకే దొర్లడం కూడా ఇందుకు తోడు సాక్ష్యాలు. పిల్లర్ మీద, స్లాబు అడుగున చువ్వల వెంట బీట వచ్చి తుప్పు మరక కనిపిస్తే లోపల ఇనుము తినేస్తున్నదని అర్థం.

కొలత ఎలా?

భారత ప్రమాణాల సంస్థ 1984లో వెలువరించిన బీటల కరదీపిక 1 మిల్లీమీటరు లోపువాటిని సన్ననివిగా, 2 మిల్లీమీటర్లు దాటినవాటిని వెడల్పైనవిగా లెక్కగట్టింది. ఏటీఎం కార్డు మందం మిల్లీమీటరులో సుమారు ముప్పావు వంతు. కార్డు అంచు బీటలో దూరితే ఇంజనీరును పిలవడం మంచిది. బ్రిటన్ భవన పరిశోధన సంస్థ లెక్కలో 5 మిల్లీమీటర్ల దాకా సాధారణంగా అందానికి సంబంధించిన సమస్యే. 15 దాటితే గోడను కొంత మేర విప్పి కట్టవలసి వస్తుంది. అయితే కొలత ఒక్కటే చాలదు. కదలని 3 మిల్లీమీటర్ల బీట కంటే నెలనెలా పెరిగే 1 మిల్లీమీటరు బీటే ప్రమాదం.

కదలిక తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. ఇంటివారి అనుమతితో బీట మీద కొంత పూత చెక్కి, సన్నని గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించి తేదీ రాస్తారు. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. బీట లోపలి అంచులను కూడా చూడాలి. పాత రంగు, దుమ్ము ఉంటే బీట పాతది. అంచులు శుభ్రంగా, పదునుగా ఉంటే కొత్తది. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదులోనూ తెలిసింది. "అది భూకంపం బీట" అని ఎవరైనా అంటే ఈ అంచులే నిజం చెబుతాయి.

అమ్మకానికి ముందు పుట్టీ పెట్టి రంగు వేయడం మామూలే. అందుకని అల్మారా వెనుక, మెట్ల కింద, సామాను గదిలో, పిట్టగోడ మీద, ప్రహరీ వైపు వెతకాలి. సంపు, సెప్టిక్ ట్యాంకు గోడను ఆనుకొని ఉంటే లీకు ఉన్నదేమో చూడాలి. పునాది కింద మట్టి కొట్టుకుపోవడానికి అదొక్కటి చాలు.

కాగితం మీద

2016 నాటి రెరా చట్టం ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన 5 ఏళ్ళ లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సొంతదారు తన పాత ఇంటిని అమ్మితే ఈ రక్షణ వర్తించదు. అక్కడ అగ్రిమెంటే ఆధారం. ఏ గోడలో ఎంత బీట ఉన్నదో, మరమ్మతు ఎవరు చేయించాలో, బీట పెరిగితే బయానా వాపసు ఇస్తారో లేదో అందులో రాయించుకోవాలి. ఫొటోలు తీసి తేదీలు వేసుకోవాలి. కొత్త రంగు వాసన ఇంకా పోని ఇంటికి తొందరగా బయానా అడిగితే, ఒక వానాకాలం గడిచేదాకా ఆగినా నష్టం లేదు.