మా తండాలో తీజ్ పండుగ

పోయిన శ్రావణంలో నేను సెలవు చీటీ రాసిస్తే "గోధుమలు మొలిపించేదానికి సెలవా?" అని మీరు నవ్వినారు. అందుకే ఇది రాస్తున్నాను.

మేము సుగాలీలము. లంబాడీలు, బంజారాలు అని కూడా అంటారు. పూర్వం మావాళ్లు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని ఊరూరా అమ్మేవారు. బ్రిటిష్ కాలంలో రోడ్లు, రైళ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. తండాలు కట్టుకొని నిలిచిపోయినారు. పొద్దున్నే పాకాల జంక్షన్‌లో కూత పెట్టే రైలు వింటే నాకు ఇదే గుర్తొస్తుంది. నేను బడికి వచ్చేది కూడా ఆ రైల్లోనే కదా!

తీజ్ పెండ్లికాని ఆడపిల్లల పండుగ. వెదురు బుట్టలో మన్ను, ఎరువు వేసి గోధుమలు చల్లుతాము. (మన హాస్టల్లో ఎరుకల పిల్లల ఇండ్లల్లో అల్లుతారే, అట్లాంటి బుట్టలే.) తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు తెచ్చి పోయాలి. నానబెట్టిన శనగలను రేగుముళ్లకు గుచ్చేటప్పుడు అన్నదమ్ములు కొమ్మను ఊపి ఏడిపిస్తారు. చివరి రోజు మొలకలు పెద్దలకు, అన్నదమ్ములకు పంచి, బుట్టలను నీళ్లలో కలుపుతాము.

మరి హాస్టల్లో ఉండే పిల్లకు తొమ్మిది రోజులు ఎక్కడివి? మా నాయక్, పెద్దలు కూర్చొని, చివరి రోజు సెలవునాడు పడేటట్టు విత్తే రోజును లెక్కేసినారు. నా బుట్టకు మా చిన్నాన్న కూతురు నీళ్లు పోసింది. ఇది సరైన పద్ధతి కాదని జేజి రెండు రోజులు అలిగింది. తర్వాత తానే ఆ బుట్టకు కాపలా కూర్చుంది. అద్దాల పేటియా మాత్రం ఇప్పుడు పండుగకే పెట్టెలోనుంచి బయటికి వస్తుంది. టమాటా తోటలో కూలికి పోయే అమ్మకు చీరే సులువు.

అమెరికాలో అరిజోనా ఎడారి పక్క హోపీ అనే తెగ ఉంది. మాకు గోధుమ మొలక ఎట్లో వాళ్లకు మొక్కజొన్న అట్లా. పిల్లలను సర్కారు బడికి పంపమన్న ఒత్తిడికి ఎదురు తిరిగినందుకు 1895లో 19 మంది హోపీలను అల్‌కట్రాజ్ దీవి జైల్లో పెట్టినారు. మా అమ్మ అయితే తానే ట్రంకుపెట్టె మోసుకొచ్చి నన్ను ఇక్కడ చేర్చింది. 1998లో హోపీ భాషకు పెద్ద నిఘంటువు అచ్చయింది.

మా గోర్ బోలికి సొంత లిపి లేదు. తమ్ముణ్ణి జేజి గోర్ బోలిలో పలకరిస్తే వాడు తెలుగులో జవాబిస్తాడు. అది ఆమెకు సగమే అర్థమవుతుంది. అందుకని జేజి పాడే తీజ్ పాటలను తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నాను. పదకొండు అయినాయి. ఊరికే కూర్చోబెట్టి అడిగితే ఆమెకు గుర్తు రావు. నెత్తిన బిందె పెట్టుకొని నడిస్తేనే వస్తాయంట. దసరా సెలవుల్లో నోటుబుక్కు పట్టుకొని ఆమె వెనకే బావికి పోవాలి.