క్రియాటినిన్ పెరగక ముందే

జూబిలీహిల్స్, ఫిలింనగర్ అనగానే మన పల్లెల్లో గుర్తుకు వచ్చేది సినిమా తారలు, స్టూడియోలు. అక్కడే 1988 నుండి అపోలో ఆసుపత్రి కూడా ఉన్నదన్న సంగతి జబ్బు చేసిన ఇంటివారికే జ్ఞాపకముంటుంది. ఆ సినిమా లోకానికి చెందిన ఒక నటుని వలన, కిడ్నీ జబ్బును ముందుగా పసిగట్టే విద్య తెలిసిన వైద్యుడొకరు మన రాష్ట్రానికి వచ్చారు.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం వెళ్లి ఉద్దానం కిడ్నీ రోగులను కలుసుకున్నారు. అప్పటికే ఆయన పార్టీ పెట్టి ఉన్నారు గనుక అందులో రాజకీయమెంత అని అడిగేవారు అడగవచ్చు. ఆ చర్చ మనకు వద్దు. అదే ఏడు జూలైలో ఆయన పిలుపుపై అమెరికాలోని హార్వర్డ్ నుండి డాక్టర్ జోసెఫ్ బాన్వెంత్రే విశాఖపట్నం వచ్చారు. మూత్రపిండానికి దెబ్బ తగిలితే మూత్రంలో కనిపించే 'కిమ్-1' అనే ప్రోటీనును కనుగొన్నది ఆయన బృందమే. 1998లో ఆ సంగతి ప్రచురించారు.

దాని అవసరమేమిటో ఉద్దానం చూస్తే తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉంటాయి. అక్కడి రోగులలో చాలామందికి షుగరు లేదు. కాళ్ల వాపు లేదు. పొలం పని చేసుకుంటూనే ఉంటారు. ఆకలి మందగించి, వాంతులై ఆసుపత్రికి వెళ్లేసరికి డయాలిసిస్ మాట వినవలసి వస్తుంది. నీరా, ఎండలో శ్రమా, పురుగుమందులా, నొప్పి మాత్రలా అని పరిశోధకులు వెదకుతూనే ఉన్నారు. ఒక్క కారణమంటూ తేలలేదు.

సాధారణంగా మనం చేయించుకునేది రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. కండరాలు పని చేయగా మిగిలే వ్యర్థమిది. మూత్రపిండాలు దీనిని వడగట్టి బయటికి పంపుతాయి. చిక్కేమిటంటే, సుమారు సగం శక్తి పోయేవరకు ఈ అంకె హద్దు దాటకపోవచ్చు. పైగా బక్కపలచని కూలి మనిషికి కండ తక్కువ, క్రియాటినిన్ కూడా తక్కువే. కాగితం మీద అంతా బాగున్నట్టే కనబడుతుంది!

రెండవది మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష. షుగరు ఉన్నవారికి ఇది ఎంతో మేలైనది, ఏటేటా తప్పక చేయించుకోవాలి. జల్లెడ చిరిగితే పిండితోపాటు తవుడు కూడా జారినట్టు, వడపోత చెడితే ఆల్బుమిన్ జారుతుంది. కాని ఉద్దానంలో తరచుగా ముందు చెడేది జల్లెడ కాదు, దాని వెనుకనున్న సన్నని నాళికలు. అందుచేత ఆల్బుమిన్ చాలాకాలం కనబడకపోవచ్చు. కిమ్-1 ఆ నాళికల కణాల నుండే వస్తుంది. ఆరోగ్యవంతుల మూత్రంలో ఇది బహు స్వల్పం. కణాలు గాయపడితే పెరుగుతుంది. అయితే ఇది నేటికీ ఎక్కువగా పరిశోధనశాలల పరీక్షే, ఊరి ల్యాబులో అడిగితే దొరకదు.

పెద్ద ల్యాబుల్లో దొరికేది సిస్టాటిన్-సి. ఇది శరీరంలోని కణాలన్నిటి నుండీ వస్తుంది గనుక మనిషి బక్కవాడైనా, కండగలవాడైనా పెద్దగా తేడా రాదు. సందేహమున్నప్పుడు క్రియాటినిన్‌తో కలిపి దీనిని చూడటం మంచిదని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు 2012 నుండీ చెబుతున్నాయి.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఊళ్లకు వంశధార నీరిచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇకనైనా నడుము నొప్పి వచ్చిన ప్రతిసారీ డైక్లోఫెనాక్ మాత్ర మింగే అలవాటు మన ఇళ్లల్లో తగ్గాలి.

పరీక్ష కాగితాలు పారవేయకండి. రేషను కార్డుతోపాటు దాచండి. నలభై ఐదేళ్ల మగమనిషికి నిరుడు 0.8 ఉన్న క్రియాటినిన్ ఈ ఏడు 1.1 అయితే, రెండు కాగితాల మీదా 'నార్మల్' అనే ఉంటుంది. కాని లెక్క వేసి చూస్తే వడపోత శక్తి దాదాపు నాలుగో వంతు తగ్గి ఉండవచ్చు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపితేనే డాక్టరుగారికి ఆ సంగతి తెలుస్తుంది.