రంగు కర్రలో ఉండాలా?

పెనుకొండలో మా రాత్రి బడికి వచ్చే ఒక అన్న వడ్రంగి. లేతు మిషను మీద మంచం కోళ్లు, బొంగరాలు, చపాతీ కర్రలు చేస్తాడు. ఒకరోజు పలక పక్కన పెట్టి ఇలా అడిగాడు.

"సారూ, పిల్లల బొమ్మలు చేద్దామనుకుంటున్నా. రంగు బాగుండే కర్ర ఏది? ఎర్రచందనం ముక్కలు తక్కువలో ఇస్తామని ఒకాయన అంటున్నాడు."

"వద్దన్నా! బిల్లు ఉందా?" అన్నాను. లేదన్నాడు.

ఎర్రచందనం మన సొత్తే. శేషాచలం, వెలిగొండ కొండల్లో పెరుగుతుంది. కర్ర ఎర్రగా, నీళ్లలో మునిగేంత బరువుగా ఉంటుంది. కానీ అడవిలో నరికింది కొంటే జైలు. తోటలో పెంచిన చెట్టయినా సరే, కొట్టడానికీ, బండిలో వేసుకొని పోవడానికీ అటవీ శాఖ అనుమతి కావాల. కాగితం లేని ముక్క ఎంత చౌకైనా ముట్టుకోకూడదు.

ఇంకో మాట. కర్ర రంగు నిలవదు. ఎర్రచందనం రానురాను నల్లబడుతుంది. దక్షిణ అమెరికాలో ఊదారంగు కర్ర ఒకటుంది. ఎంత ధర పెట్టి తెప్పించినా, ఎండ తగిలితే అదీ గోధుమరంగుకు తిరుగుతుంది.

మరి ఏం చేయాల? మన పట్టునే చూడండి. హిందూపురం మార్కెట్టుకు వచ్చే పట్టుగూళ్లలో చీర రంగులు ఉంటాయా? ఉండవు. ధర్మవరంలో దారాన్ని ఉడికించి, జిగురు తీసి, తెల్లబడ్డాక రంగు అద్దుతారు. బొమ్మల పనీ అంతే. తెల్లకర్ర తీసుకోవాల, రంగు మనం వేయాల.

ఆ తెల్లకర్ర పేరు అంకుడు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు దీనితోనే చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెంగుళూరు దాటి మైసూరు రోడ్డులో సుమారు 60 కిలోమీటర్లు పోతే చన్నపట్న వస్తుంది. అక్కడా ఇదే కర్ర. వాళ్లు హాలె మర అంటారు. హాలు అంటే పాలని హిందూపురం వాళ్లకు నేను చెప్పాలా! కొమ్మ తుంచితే పాలు కారతాయి.

అంకుడు మెత్తన. పోగు సన్నం. ఉలి పెడితే నున్నగా వస్తుంది. కానీ పచ్చికర్ర పనికిరాదు. పచ్చిది చెక్కితే ఆరిన తర్వాత గుండ్రం పోయి కోలగా అవుతుంది, పగులుతుంది. నీడలో నెలల తరబడి ఆరనియ్యాల. కొనేటప్పుడు రెండు ముక్కలు తట్టి చూడండి. ఆరినది ఖంగుమంటుంది. చివర్లలో చీలిక ఉంటే వదిలేయండి.

రంగు ఎట్లా వేస్తారో చూస్తే ముచ్చటగా ఉంటుంది. లక్కను వేడిచేసి అందులో రంగు కలిపి పుల్లలుగా చేస్తారు. బొమ్మ గిరగిరా తిరిగేటప్పుడు లక్కపుల్ల ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఏటికొప్పాకలో పసుపుతో పసుపురంగు, జాఫ్రా గింజలతో నారింజరంగు, నీలిమందుతో నీలం తీస్తారు. ఈ పనిని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

"పెయింటు డబ్బా తెచ్చి పూస్తే సులువు కదా సారూ?" అన్నాడు అన్న.

సులువే. కానీ పసిబిడ్డ బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటుంది. కొన్ని పెయింట్లలో సీసం ఉంటుంది. అది కడుపులోకి పోతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

పోయిన వారం ఒక గిలక్కాయ చేసి తెచ్చాడు. పసుపురంగు లక్క బాగా పట్టింది. కిటికీలో మాత్రం పెట్టొద్దన్నాను. పసుపు ఎండకు వెలుస్తుంది.